పుర్రెకు రంధ్రం పెట్టకుండా ప్రెషర్ కొలవొచ్చు, కానీ దేనికోసం?

తలకు బలమైన దెబ్బ తగిలినవాళ్లలో చాలామందికి ప్రాణం మీదికి తెచ్చేది ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో లోపల పెరిగే వాపు. కాలు బెణికితే చర్మం సాగి వాపుకు చోటిస్తుంది. పెద్దవాళ్ల పుర్రెకు ఆ గుణం లేదు. అందులో ఉన్న చోటంతా మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే నీళ్లలాంటి ద్రవం పంచుకుంటాయి. ఒకటి పెరిగితే మిగతావి తగ్గాల్సిందే. 1783లో అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జ్ కెల్లీ చెప్పిన ఈ సూత్రం మీదే ఇప్పటి చికిత్సంతా నిలబడింది. మొదట్లో శరీరం సర్దుకుంటుంది. ద్రవం కొంత వెన్నువైపు జారుతుంది, సిరల్లోని రక్తం కొంత బయటికి పోతుంది. ఆ వెసులుబాటు అయిపోయాక మాత్రం కాస్తంత వాపు పెరిగినా పుర్రె లోపలి ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషి పడుకున్నప్పుడు పుర్రె లోపలి ప్రెషర్ సుమారు 7 నుంచి 15 పాదరస మిల్లీమీటర్లు. అమెరికా సంస్థ బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 2016 మార్గదర్శకాల ప్రకారం తీవ్రమైన తలగాయంలో ఇది 22 దాటితే తగ్గించే చికిత్స మొదలుపెట్టాలి. రక్తపోటు సగటులోంచి ఈ అంకెను తీసేస్తే మెదడుకు రక్తాన్ని నెట్టే బలం ఎంతో తెలుస్తుంది. అది 60 నుంచి 70 మధ్య ఉండేలా చూస్తారు. కాబట్టి ఐసీయూలో ఈ ఒక్క అంకె చుట్టూ చాలా నిర్ణయాలు తిరుగుతాయి.

ఆ అంకె తెలియాలంటే పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి, మెదడు లోపలి ద్రవపు గదిలోకి సన్నటి గొట్టం గానీ, మెదడు కణజాలంలోకి సెన్సార్ ఉన్న తీగ గానీ పంపాలి. స్వీడన్ వైద్యుడు నిల్స్ లుండ్‌బర్గ్ 1960లో రోగుల ప్రెషర్‌ను గంటల తరబడి గీతలుగా నమోదు చేసి ప్రచురించినప్పటి నుంచి ఈ గొట్టమే ప్రమాణం. దీనికో పెద్ద సుగుణం ఉంది. ప్రెషర్ పెరిగితే అదే గొట్టంలోంచి ద్రవాన్ని బయటికి తీసి తగ్గించవచ్చు. బయటినుంచి కొలిచే ఏ పరికరమూ ఆ పని చేయలేదు. ఈ తేడాను కొత్త పరికరాల ప్రచారంలో ఎవరూ గట్టిగా చెప్పరు.

గొట్టంతో ఇబ్బందులూ తక్కువేం కాదు. ఇన్‌ఫెక్షన్ రావచ్చు, గొట్టం వెళ్లే దారిలో రక్తస్రావం కావచ్చు. రక్తం సరిగ్గా గడ్డకట్టని రోగికి పెట్టడమే ప్రమాదం. అన్నిటికన్నా ముందు న్యూరోసర్జన్ ఉండాలి. ఆయన లేని ఆసుపత్రికి వచ్చిన రోగి విషయంలో డాక్టర్ చేతిలో ఉండేవి సీటీ స్కాన్, కనుపాప వెలుతురుకు స్పందిస్తోందో లేదో చూసే టార్చిలైటు, స్పృహ ఎంతుందో లెక్కగట్టే గ్లాస్గో స్కేలు. రక్తపోటు పెరిగి, నాడి నెమ్మదించి, శ్వాస గతి తప్పడాన్ని ప్రమాద సంకేతమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిజమే, కానీ అది కనిపించేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది.

అందుకే బయటినుంచి తెలుసుకునే దారుల కోసం వెతుకులాట. వాటిలో ఎక్కువగా వాడుకలోకి వచ్చింది కంటి అల్ట్రాసౌండ్. కంటి నరం చుట్టూ ఉండే తొడుగు మెదడు పొరకు కొనసాగింపే. లోపల ప్రెషర్ పెరిగితే ద్రవం అందులోకి చేరి తొడుగు ఉబ్బుతుంది. మూసిన రెప్ప మీద జెల్ రాసి, ప్రోబ్ సున్నితంగా ఆనించి, కనుగుడ్డుకు 3 మిల్లీమీటర్ల వెనక ఆ తొడుగు వెడల్పు కొలుస్తారు. రెండు మూడు నిమిషాల పని. చిక్కంతా ఆ కొలతలోనే ఉంది. ఎంత దాటితే ప్రమాదమో అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. కొన్ని 5 మిల్లీమీటర్లకు దగ్గరగా గీత గీస్తే, కొన్ని 6 దాకా వెళ్లాయి. మామూలుకూ ప్రమాదానికీ మధ్య ఒక మిల్లీమీటరు కూడా తేడా లేని చోట, కొలిచే చేయి మారితేనే ఫలితం కొంత మారుతుంది. పైగా బాగా సాగిన తొడుగు ప్రెషర్ తగ్గిన వెంటనే మామూలు స్థితికి రాకపోవచ్చు. కంటికే దెబ్బ తగిలితే ఈ పద్ధతి పక్కన పెట్టాల్సిందే.

రెండోది డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ పరీక్ష. కణత దగ్గర ఎముక పల్చగా ఉండే చోటునుంచి మెదడు ధమనుల్లో రక్తం ఎంత వేగంగా పోతోందో చూసే పద్ధతిని రూనె ఆస్లిడ్ బృందం 1982లో చూపించింది. ప్రెషర్ పెరిగేకొద్దీ గుండె కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య ప్రవాహం పడిపోతుంది. ఆ ఎత్తుపల్లాల తీరునుంచి ప్రెషర్ అంచనా వేస్తారు. అయితే రక్తపోటు మారినా, వెంటిలేటర్ మీద కార్బన్ డయాక్సైడ్ మోతాదు మారినా ఆ తీరు మారిపోతుంది. కణత ఎముక మందంగా ఉన్న కొందరిలో అసలు సిగ్నలే దొరకదు. కనుపాప స్పందనను అంకెల్లో చెప్పే పరికరం కూడా వచ్చింది. టార్చిలైటు వేసి కంటిచూపుతో అంచనా కట్టడం కన్నా అది ఎంతో నయం. అయితే అది చూసేది కనుపాపను, ప్రెషర్‌ను కాదు.

నన్ను బాగా ఆకట్టుకున్నది బ్రెజిల్ భౌతిక శాస్త్రవేత్త సెర్జియో మస్కరెన్యాస్ పని. 2021లో చనిపోయిన ఆయన, తన మెదడులో నీరు చేరి చికిత్స చేయించుకోవాల్సి వచ్చినప్పుడు ప్రెషర్ కొలవడానికి పుర్రె తొలవక తప్పదా అని అడగడం మొదలుపెట్టారట. పెద్దవాళ్ల పుర్రె అస్సలు కదలదన్న నమ్మకాన్నే ఆయన ప్రశ్నించారు. ప్రతి గుండె చప్పుడుకూ ఎముక అతి స్వల్పంగా ఉబ్బుతుందని సెన్సార్‌తో చూపించారు. ఆ ఆలోచన నుంచి వచ్చిన పరికరాన్ని పట్టీతో తలకు కడతారు, రంధ్రం అక్కర్లేదు. అది ప్రధానంగా ఇచ్చేది ప్రెషర్ తరంగపు ఆకారం. మామూలు మెదడులో తరంగపు మొదటి శిఖరం రెండోదాని కన్నా ఎత్తుగా ఉంటుంది. రెండోది మొదటిదాన్ని దాటితే లోపలి వెసులుబాటు తగ్గిపోతోందని అర్థం. ప్రెషర్ ఇన్ని మిల్లీమీటర్లని చెప్పకుండా, సర్దుకునే శక్తి ఎంత మిగిలిందో చెబుతుందన్నమాట. ఇది లోపం కాదని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ రంగంలో అసలు గందరగోళం అంకె కోసం పడే పాకులాట దగ్గరే ఉంది. కొత్త పద్ధతి వచ్చిన ప్రతిసారీ గొట్టం చూపిన ప్రెషర్‌తో దానికి 'మంచి సంబంధం' ఉందని ప్రకటిస్తారు. రెండూ కలిసి పెరుగుతూ కలిసి తగ్గినంత మాత్రాన ఒకదాని బదులు ఇంకోటి వాడుకోవచ్చని కాదు. పరికరం 20 చూపినప్పుడు అసలు ప్రెషర్ 12 ఉండే అవకాశమూ 28 ఉండే అవకాశమూ ఉంటే, 22 దగ్గర గీత గీసుకున్న వైద్యానికి ఆ అంకె దేనికి పనికొస్తుంది? ఒక రోగికి అక్కర్లేని మందులు పడతాయి, ఇంకొకరికి అందాల్సినవి అందవు.

మరి ఆ 22 అంత పవిత్రమైనదా అంటే, అదీ కాదు. 2016కు ముందు గీత 20 దగ్గర ఉండేది. 2012లో వెలువడిన ప్రసిద్ధ ప్రయోగంలో బొలీవియా, ఈక్వడార్ ఐసీయూల్లోని 324 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు లోపల ప్రెషర్ కొలుస్తూ, రెండో గుంపుకు స్కానింగులు, శారీరక పరీక్షల ఆధారంగా చికిత్స చేశారు. ఆరు నెలలకు మరణాలు 39 శాతం, 41 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. కొలిచిన గుంపుకు మెదడు వాపు చికిత్సలు మాత్రం తక్కువ రోజులే అవసరమయ్యాయి. గొట్టం వృథా అని కొందరు తొందరపడ్డారు గానీ ఆ ప్రయోగం చెప్పింది అది కాదు. ఒకే అంకెను పట్టుకుని అందరికీ ఒకే చికిత్స చేయడాన్ని అది ప్రశ్నించింది. పోల్చిన రెండో పద్ధతి కూడా గుడ్డి వైద్యం కాదు, పకడ్బందీ నిఘా. తర్వాత 2021లో 42 దేశాల రోగులను పరిశీలించిన అధ్యయనంలో, కనీసం ఒక కనుపాప స్పందించని రోగుల్లో ప్రెషర్ కొలిచినవారి మరణాలు తక్కువగా కనిపించాయి. అది పరిశీలన మాత్రమే కాబట్టి దాన్నే తుదితీర్పుగా తీసుకోలేం. అయినా బాగా తీవ్రమైన రోగికి గొట్టం మేలు చేస్తుందన్న వైపే తక్కెడ మొగ్గుతోంది.

ఇవన్నీ కలిపి చూస్తే, బయటి పరికరాలను మనం అడగాల్సిన ప్రశ్న 'ప్రెషర్ ఎంత?' అన్నది కాదు. ఈ రోగిని ఇక్కడే ఉంచి చూడొచ్చా, ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపాలా? నిన్నటికీ ఇవాళ్టికీ ఎటు పోతోంది? ఇలాంటి ప్రశ్నలకు అవి పనికొస్తాయి. డాప్లర్‌పై 2022లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం ఈ తేడాను బాగా చూపించింది. ప్రెషర్ పెరగలేదని చెప్పినప్పుడు ఆ పరీక్ష చాలావరకు నమ్మదగినదిగా తేలింది. పెరిగిందని చెప్పినప్పుడు అంతగా నమ్మలేని పరిస్థితి. 'భయం లేదు' అని చెప్పడానికి పనికొచ్చే పరీక్షతో 'ఆపరేషన్ చేయండి' అని తేల్చకూడదు.

దీన్నిబట్టి ఎక్కడ వాడాలో స్పష్టమే. న్యూరోసర్జన్ లేనిచోట, రక్తం గడ్డకట్టని రోగిలో, గొట్టం పెట్టేంత తీవ్రత ఉందో లేదో తేలని రోగిలో వీటికి విలువ ఉంది. అదీ ఒక్క పద్ధతిని నమ్మకుండా కన్ను, డాప్లర్, కనుపాప, స్కాన్ కలిపి చూస్తేనే, ఒకే చేత్తో పదేపదే కొలిస్తేనే. కోమాలో ఉన్న రోగికి స్కాన్‌లో మెదడు పక్కకు ఒరిగినట్టు కనిపించి, గొట్టం పెట్టగల వైద్యులు పక్కనే ఉంటే, 'సర్జరీ లేని కొత్త పద్ధతి' పేరుతో గొట్టాన్ని వాయిదా వేయడం నా దృష్టిలో తప్పు. బయట టెన్షన్‌తో కూర్చున్న బంధువులు రంధ్రం మాట వినగానే బెదిరిపోతారు, వేరే మార్గం లేదా అని అడుగుతారు. వాళ్లకు ఓపిగ్గా విడమరిచి చెప్పడం కష్టమని మార్గం మార్చకూడదు.

పరికరాలు తయారు చేసేవాళ్లు గొట్టంతో పోల్చిన గ్రాఫులు చూపడం ఇక ఆపాలి. ఈ పరికరం చూసి తీసుకున్న నిర్ణయాల వల్ల ఆరు నెలల తర్వాత ఎంతమంది బతికారు, ఎంతమంది తమ పని తాము చేసుకోగలుగుతున్నారు, ఎంతమందిని అనవసరంగా తరలించారు, ఎవరి విషయంలో ఆలస్యం జరిగింది? వీటికి జవాబిచ్చే ప్రయోగాలు, ముఖ్యంగా న్యూరోసర్జన్లు లేని ఆసుపత్రుల్లో జరిగేవి, ఇప్పటికి బాగా తక్కువ. ఆసుపత్రులు ఇలాంటి పరికరం కొనేముందు అడగాల్సింది కూడా ఆ ఫలితాలనే.