మెయిన్ కంటే ముందు నడిచే కోడ్‌ను ఎవరు చూస్తున్నారు?

ప్రోగ్రాం మెయిన్ ఫంక్షన్‌తో మొదలవుతుందని ఒంగోలు, కావలి, నెల్లూరు ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటి ఏడాదే చెబుతారు. సీ పాఠం వరకు అది చాలు. కంపైల్ అయ్యాక చేతికొచ్చే ఫైలు సంగతి వేరు. లైనక్స్‌లో మామూలు ప్రోగ్రాం నడపగానే ముందుగా డైనమిక్ లోడర్ రంగంలోకి దిగుతుంది. కావలసిన లైబ్రరీలను మెమరీలోకి తెచ్చి, వాటి కన్‌స్ట్రక్టర్లను, అంటే మెయిన్ కంటే ముందే నడిచేలా రాసిన ఫంక్షన్లను, నడుపుతుంది. ఆ తర్వాత ప్రోగ్రాం సొంత కన్‌స్ట్రక్టర్లు నడుస్తాయి. మెయిన్ వంతు ఆ తర్వాతే.

చీమకుర్తి గ్రానైట్ లారీల కాటా దగ్గర కావచ్చు, అల్లూరు వైపు రొయ్యల మేత దుకాణంలో కావచ్చు, ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చిన ప్రోగ్రాంను 'ఒకసారి ఓపెన్ చేసి చూద్దాం' అంటారు. ఓపెన్ చేశాక ఇక చూసేదేముంది? హాని చేసే కోడ్ ఉంటే, మొదటి విండో కనపడే లోపే దాని పని అయిపోవచ్చు. ప్రోగ్రాంను ఆపి ఆపి పరిశీలించే డీబగ్గర్‌లో, మెయిన్ దగ్గర ఆగేలా బ్రేక్‌పాయింట్ పెట్టినా ఆలస్యమే.

కాబట్టి నడపకుండానే చూడాలి. ఇక్కడ తెలిసినవాళ్లు కూడా, ప్రోగ్రాంకు ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొట్టి పొరపాటు చేస్తారు. కొన్ని పరిస్థితుల్లో అది ఆ ప్రోగ్రాంనే నడిపేస్తుందని దాని మాన్యువల్ పేజీయే హెచ్చరిస్తోంది. లైబ్రరీల పేర్లు కావాలంటే, ఫైలును నడపకుండా దాని లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్‌కు చిన్న 'పీ' ఆప్షన్ ఇచ్చి 'నీడెడ్' అన్న వరుసలు చదువుకుంటే చాలు.

అసలు చూడాల్సింది ఇనిట్ అర్రే, అంటే ఫైల్లో కన్‌స్ట్రక్టర్ల చిరునామాలుండే పట్టిక. అలాంటిదే మరో పనిముట్టు రీడ్‌ఎల్ఫ్‌కు చిన్న 'డీ' ఆప్షన్ ఇస్తే దాని చిరునామా, సైజు కనిపిస్తాయి. 64 బిట్ ఫైల్లో ఒక్కో ఎంట్రీ 8 బైట్లు. జీసీసీ కంపైలర్‌తో కట్టిన చిన్న సీ ప్రోగ్రాంలో మామూలుగా సైజు 8 ఉంటుంది, ఆ ఒక్కటీ ఫ్రేమ్ డమ్మీ అనే అమాయకపు ఫంక్షన్. 24 ఉందంటే మూడు ఫంక్షన్లున్నట్టు, మిగతా రెండూ ఏమిటో తేల్చాలి. ఆ సెక్షన్‌ను డంప్ చేస్తే 40 11 00 00 00 00 00 00 అని వచ్చిందనుకోండి. బైట్లు వెనక నుంచి చదవాలి కనుక చిరునామా హెక్సాలో 1140. అక్కడి నుంచి డిస్‌అసెంబ్లీ తీయాలి, అంటే మెషీన్ కోడ్‌ను మనిషి చదవగల ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చుకోవాలి. డంప్‌లో అన్నీ సున్నాలే కనిపిస్తే ఏమీ లేదని వదిలేయకండి. మెమరీలో ఎక్కడైనా లోడ్ కాగల పీఐఈ ఫైళ్లలో అసలు విలువ రీలొకేషన్ పట్టికలో, అంటే లోడర్ సరిచేయాల్సిన చిరునామాల జాబితాలో, ఉండవచ్చు, రీడ్‌ఎల్ఫ్ చిన్న 'ఆర్' ఆప్షన్‌తో అదీ చూడాలి. స్ట్రిప్ చేసిన ఫైల్లో ఫంక్షన్ల పేర్లు పోతాయి గానీ ఈ అర్రే పోదు.

ఎంట్రీలు ఎక్కువున్నంత మాత్రాన దొంగ ప్రోగ్రాం అనలేం. సీ ప్లస్ ప్లస్‌లో గ్లోబల్ ఆబ్జెక్టులున్న ఫైళ్లకు అవి సహజం. విండోస్‌లో ప్రోగ్రాం ఆరంభ స్థానమైన ఎంట్రీ పాయింట్ కంటే ముందు నడిచే టీఎల్ఎస్ కాల్‌బ్యాక్‌లనే ఫంక్షన్లూ అంతే, మిన్‌జీడబ్ల్యూ కంపైలర్‌తో కట్టిన మంచి ప్రోగ్రాముల్లోనూ ఉంటాయి. లెక్క చూసి తీర్పు చెప్పకూడదు, కోడ్ చదివి చెప్పాలి.

ఇనిట్ అర్రే ఒక్కటే చూసి ఊరుకున్నా సరిపోదు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దాచిన దొంగదారిని 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ బయటపెట్టాడు; 5.6.0, 5.6.1 వెర్షన్లలో అది ఐఫంక్ రిజాల్వర్ల ద్వారా, అంటే ఒక ఫంక్షన్‌కున్న రూపాల్లో ఏది వాడాలో ఎంచే కోడ్ ద్వారా నడిచింది. ఆ రిజాల్వర్లు లోడర్ రీలొకేషన్లు సరిచేసే దశలోనే, కన్‌స్ట్రక్టర్ల కంటే ముందే నడవగలవు. దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆయన ఆరా తీశాడు కాబట్టి బయటపడింది. ఫంక్షన్ల పేర్లుండే సింబల్ పట్టికలో ఐఫంక్, రీలొకేషన్లలో ఐరెలెటివ్ అన్న మాటలు వెతకడం అందుకే తప్పనిసరి.

మన కాలేజీల్లో దీనికి రెండు ల్యాబ్ పీరియడ్లు కేటాయించాలి. ఖర్చేమీ లేదు, ఈ పనిముట్లన్నీ ఉచితమే. మొదటి పీరియడ్‌లో కన్‌స్ట్రక్టర్ ఆట్రిబ్యూట్‌తో ఐదు లైన్ల ప్రోగ్రాం రాయించి, దాని చిరునామాను డంప్‌లో పట్టించాలి. రెండోదాంట్లో స్ట్రిప్ చేసిన తెలియని ఫైలు ఇచ్చి, నడపకుండా మెయిన్ కంటే ముందు నడిచే ఫంక్షన్ల జాబితా రాయమనాలి. రాశాకే నెట్ లేని వర్చువల్ మెషీన్‌లో, జీడీబీ అనే డీబగ్గర్‌లో 'స్టార్ట్ఐ' కమాండ్ ఇచ్చి మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఆపి, తమ జాబితాతో పోల్చుకోనివ్వాలి.