కనుమ నాడు పాప చెయ్యి, పదకొండు సెకన్ల వీడియో

మా పాపకి రెండున్నరేళ్లు. కనుమ రోజు భోజనాలయ్యాక అత్తగారింటి వాకిట్లో మా బామ్మర్ది దాన్ని రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పుతున్నాడు, అది కిలకిలా నవ్వుతోంది, నేను ఫోన్లో వీడియో తీస్తున్నా. మూడో చుట్టులో నవ్వు కాస్తా ఏడుపైంది. కిందకి దించితే ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకుని, మోచెయ్యి కొంచెం వంచి, అరచెయ్యి కిందకి తిప్పి అలాగే పెట్టేసింది. ముట్టుకుంటే కెవ్వుమంటోంది, ముట్టుకోకపోతే మామూలుగానే ఉంటోంది. వాపు లేదు, కమిలింది లేదు.

అప్పుడు టైము మూడు. ఆ చెయ్యి మళ్లీ కదిలింది ఐదున్నరకి. సరిచెయ్యడానికి డాక్టరుకి ఐదు సెకన్లు కూడా పట్టలేదు. మరి ఆ రెండున్నర గంటలు ఏమైపోయాయి అని తర్వాత కూర్చుని లెక్కేసుకుంటే రోడ్డు మీద పోయింది కొంత, ఆస్పత్రిలో పోయింది కొంత, అసలు పోగొట్టింది మాత్రం మేమే.

ఏడుపు విని లోపల్నించి వచ్చిన మావగారు అన్న మొదటి మాట "ఎవర్రా పిల్లని చూస్తున్నది?" అని. ఏమైంది అని కాదు, ఎవరు అని. మా బామ్మర్దికి ఇంకా ఉద్యోగం లేదు, ఆ ఇంట్లో పొద్దున్న లేచింది మొదలు వాడికి అక్షింతలే. వాడు తడుముకోకుండా "అరుగు మీంచి జారింది నాన్నా" అనేశాడు. మా ఆవిడ నా వంక చూసింది. నేను ఫోన్ జేబులో పెట్టేసుకున్నా. పండగ పూట, ఇంటినిండా చుట్టాలు, అల్లుణ్ణై ఉండి బామ్మర్దిని పట్టిస్తానా చెప్పండి. చిన్న అబద్ధమే కదా, పడినా లాగినా నొప్పి నొప్పేగా అనుకున్నా.

అక్కడే తప్పులో కాలేశాను. పడటం వేరు, లాగటం వేరు, డాక్టరుకి అవి రెండూ పూర్తిగా వేరే జబ్బులు.

పిల్లలకి మోచేతి దగ్గర రేడియస్ అనే ఎముక తల చుట్టూ ఒక లిగమెంట్ ఉంగరంలా పట్టుకుని ఉంటుంది. ఏడాది నుంచి నాలుగేళ్ల మధ్య అది ఇంకా వదులుగానే ఉంటుంది, చెయ్యి చాచి ఉన్నప్పుడు ఒక్కసారి గట్టిగా లాగితే ఆ ఉంగరం జారి కీలు మధ్యలో ఇరుక్కుంటుంది. దీన్నే పుల్డ్ ఎల్బో అంటారు. ఐదేళ్లు దాటాక లిగమెంట్ గట్టిపడుతుంది, ఇక చాలా అరుదు. ఎక్కువగా ఎడమ చేతికే వస్తుంది, ఎందుకంటే మనలో ఎక్కువమంది కుడిచేత్తో పిల్లల ఎడమ చెయ్యి పట్టుకుని నడుస్తాం, రోడ్డు దాటేప్పుడు, బస్సెక్కేప్పుడు, కింద కూలబడి మారాం చేస్తుంటే పైకి లేపేప్పుడు ఆ చెయ్యే లాగుతాం. ఎముక విరగదు. డాక్టరు ఒక చేత్తో మోచెయ్యి పట్టుకుని రెండో చేత్తో ముంజేతిని లోపలికి బాగా తిప్పితే టక్కుమని సర్దుకుంటుంది. కథ స్పష్టంగా ఉండి, చెయ్యి పెట్టుకున్న తీరు కూడా అలాగే ఉంటే ఎక్స్‌రే కూడా అక్కర్లేదు.

కానీ "పడింది" అన్నారనుకోండి, డాక్టరు అలా తిప్పకూడదు. పిల్లలు చాచిన చేతిమీద పడితే మోచేతికి కాస్త పైన దండచేతి ఎముక విరగొచ్చు, ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లలో ఇది మరీ ఎక్కువ. విరిగిన ఎముకని పుల్డ్ ఎల్బో అనుకుని తిప్పితే పక్కనే ఉన్న రక్తనాళానికీ నరాలకీ దెబ్బ తగలొచ్చు. అందుకని ముందు నాడి చూడాలి, వేళ్లు కదులుతున్నాయో లేదో చూడాలి, ఎక్స్‌రే తియ్యాలి, అప్పటిదాకా చెయ్యి తిప్పకూడదు. అంటే మేం చెప్పిన ఆ ఒక్క మాటతో పాప వేరే క్యూలోకి వెళ్లిపోయింది.

ఆస్పత్రికి ముందు ఇంకో మజిలీ కూడా ఉందిలెండి. వీధి చివర ఒకాయన ఆముదం కాచి రాసి నరాలు సర్దుతాడు. మా పాప చెయ్యి చూసి "నరం పట్టేసిందండి, ఏం పర్లేదండి" అని రెండుసార్లు నిమిరాడు, పాప ఊరంతా వినపడేలా అరిచింది, మా ఆవిడ పిల్లని లాక్కుని కారెక్కేసింది. ఇలాంటి వాళ్లకి ఊళ్లో అంత పేరు ఎలా వచ్చిందా అని తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. పుల్డ్ ఎల్బో ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుంది, ఒక్కోసారి ఎక్స్‌రే కోసం టెక్నీషియన్ అరచెయ్యి వెల్లకిలా తిప్పి పెట్టినప్పుడే సర్దుకుంటుంది, అలాగే ఆముదం చేతుల్లో కూడా సర్దుకుంటుంది. ఆ ఒక్క పిల్లాడి కథ ఇరవై ఏళ్లు తిరుగుతుంది. సర్దుకోని వాళ్ల కథలు మాత్రం ఎవరూ చెప్పుకోరు.

విరిగిన ఎముకలకి కట్టే చిత్తూరు వైపు పుత్తూరు కట్టు సంగతి మన తెలుగు వాళ్లకి కొత్తగా చెప్పాలా, వందేళ్లు దాటిన సంప్రదాయం, ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. ఇప్పుడు ఆ పేరుతో బోర్డులు హైదరాబాద్ గల్లీల్లో కూడా కనిపిస్తాయి, వాటిలో ఎన్నింటికి ఆ ఊరితో నిజంగా సంబంధం ఉందో వాళ్లకే తెలియాలి. పెద్దవాళ్ల చిన్న చిన్న ఫ్రాక్చర్ల సంగతి నేను మాట్లాడను. పిల్లలకి మోచేతి పైన ఎముక విరిగితే మాత్రం బిగుతు కట్టు చాలా ప్రమాదం. లోపల వాపు పెరుగుతుంది, పైన కట్టు సాగదు, రక్తం ఆగుతుంది, కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది, తర్వాత వేళ్లు ముడుచుకుపోయి ఇక జన్మలో తెరుచుకోని పరిస్థితి రావచ్చు. కట్టు కట్టాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, వేళ్లు చల్లబడి పాలిపోతే, వేలు చాపితే పిల్లాడు గింగిరాలెత్తిపోతుంటే ఆ కట్టు అప్పటికప్పుడు విప్పించాలి, పొద్దున్న చూద్దాంలే అనుకోకూడదు.

సరే, కారెక్కాం. మా అత్తగారి ఊరు కోనసీమ. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం, పదకొండు ఊళ్ల నుంచి ప్రభలు పొలాలకి అడ్డంపడి వస్తాయి, ఆ పక్క రోడ్లమీద బండి కదలడం అంటే ఆ శివయ్య దయే. మామూలుగా ఇరవై నిమిషాల అమలాపురం మాకు గంట దాకా పట్టింది. ఆ గంటలో మా అత్తగారు పిల్ల ఏడుస్తోందని పాలు పట్టారు, అరిసె ముక్క పెట్టారు. ఇదీ తెలియక చేసే పనే. ఒకవేళ ఎముక విరిగి మత్తిచ్చి సరిచేయాల్సి వస్తే ఘన ఆహారం తిన్నాక ఆరు గంటలు ఆగాలి. ఆ అరిసె ముక్కతో ఆపరేషన్ రాత్రి పదికి వాయిదా పడేదన్నమాట.

క్యాజువాల్టీలో పండగ జనం. కోడికత్తి గీసుకున్న చేతులు ఇద్దరివి, తాగి బండి మీంచి పడ్డ కుర్రాడు, ఛాతీ పట్టుకుని కూర్చున్న పెద్దాయన. మేం ముందొచ్చాం, ఆయన్ని ముందు తీసుకెళ్లారు, మావగారు కౌంటర్ దగ్గర గొడవకి దిగారు. ఇక్కడ మాత్రం ఆస్పత్రిది తప్పు లేదు. క్యాజువాల్టీ రేషన్ షాపు క్యూ కాదు, ప్రాణానికి దగ్గర్లో ఉన్నవాళ్లు ముందు. గట్టిగా ఏడుస్తున్న పిల్ల అంటే ఊపిరి బాగా ఆడుతోందని అర్థం, వాళ్లు భయపడేది మూలుగు కూడా లేకుండా వాలిపోయిన పిల్లల్ని చూసి.

కానీ తర్వాత జరిగింది చూడండి. డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్లే, పండక్కి పెద్ద డాక్టర్లు సెలవు పెడితే ఆ భారమంతా ఇలాంటి వాళ్ల మీదే పడుతుంది. పాపం అలిసిపోయి ఉంది. వచ్చీ రాగానే మా ఎనిమిది మంది ముందు, వరండాలో, "ఎవరండీ పిల్లని చూస్కుంటున్నది?" అంది. మళ్లీ అదే ప్రశ్న. మావగారు అడిగారంటే ఇంటి పెద్ద, చదువుకున్న డాక్టరు కూడా అదే అడిగితే నిజం ఎక్కణ్నుంచి వస్తుంది? "అరుగు మీంచి పడిందమ్మా" అని అత్తగారు అందుకున్నారు, ఆవిడ ఆ టైముకి నిద్రపోతున్నారు, అసలు చూడనే లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే రాసింది. టెక్నీషియన్ టీకి వెళ్లాడు.

ఎవరు అనే ప్రశ్నకి వచ్చేది సాకు. ఎలా అని అడిగితే వివరం వస్తుంది. మన ఇళ్లలో పిల్లలకి దెబ్బ తగిలితే ముందు ముద్దాయిని వెతుకుతాం, ఎక్కువసార్లు ఆ ముద్దాయి తల్లే, ఆవిడ ఆ టైములో నలభై మందికి వడ్డిస్తూ ఉన్నా సరే. ఇక ఆ ఇంట్లో ఎవడైనా నోరు విప్పి జరిగింది జరిగినట్టు చెప్తాడా?

మాది చెయ్యి కాబట్టి గంటల నొప్పితో పోయింది. ఇదే అబద్ధం ఇంకోచోట చాలా ఖరీదు. తీర్థంలో కొన్న లైట్ల బొమ్మల్లో గుండ్రటి చిన్న బటన్ బ్యాటరీలు ఉంటాయి. ఏడాదిన్నర తమ్ముడు అది మింగితే ఆరేళ్ల అన్న చూస్తాడు, కానీ చెప్పడు, బొమ్మ విప్పింది వాడే కాబట్టి వీపు విమానం మోత మోగుతుందని. ఆ బ్యాటరీ గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే గోడని లోతుగా కాల్చేస్తుంది. పెద్దవాళ్లు జలుబేమో, పళ్లొస్తున్నాయేమో అనుకుంటూ సిరప్ పోస్తుంటారు.

కాలిన గాయాలూ అంతే. భోగి నాడు పొద్దున్నే పిల్లలకి తలంట్లు, బకెట్లో హీటర్ రాడ్. పిల్ల చెయ్యి పెట్టింది. వేడినీళ్లు పడ్డాయా, కరెంటు కూడా తగిలిందా? కరెంటు తగిలితే పైకి చిన్న మచ్చే ఉన్నా లోపల కండరం కాలి ఉండొచ్చు, గుండె లయ చూడ్డానికి ఈసీజీ తియ్యాలి. రాడ్ స్విచ్ కట్టెయ్యడం మర్చిపోయినావిడ "నీళ్లు చిందాయి" అంటుంది, ఈసీజీ ఎవరూ తియ్యరు. ఇక ఆ గాయం మీద పసుపు, టూత్‌పేస్టు, నెయ్యి, కాఫీపొడి, ఎవరికి తోచింది వాళ్లు పూసేసి తీసుకొస్తారు, ఎంత లోతు కాలిందో చూడాలంటే నర్సు అదంతా కడిగి తియ్యాలి, అప్పుడు పిల్ల పడే బాధ కాలినప్పటి బాధకేం తక్కువ కాదు. చెయ్యాల్సింది కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు మామూలు చల్లనీళ్లు పొయ్యడం, ఐసు కాదు. అప్పుడు తోచకపోయినా మూడు గంటల్లోపు చేస్తే ఉపయోగం ఉంటుంది. కరెంటు విషయంలో ముందు స్విచ్ కట్టెయ్యాలి, ఆ తర్వాతే పిల్లని ముట్టుకోవాలి.

అబద్ధానికి ఇంకో కారణం పోలీసు భయం. ఎమ్మెల్సీ అంటారు, మెడికో లీగల్ కేసు, ఆ మాట వినగానే సగం మంది అక్కణ్నుంచి జారుకుందామని చూస్తారు. నిజానికి 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ప్రాణం కాపాడటం ముందు, కాగితాలూ పోలీసులూ తర్వాత, సర్కారు ఆస్పత్రైనా ప్రైవేటైనా. పైగా అనుమానం వచ్చేది నిజం చెప్పినవాళ్ల మీద కాదు. చెప్పిన కథకీ దెబ్బకీ పొంతన లేనప్పుడే డాక్టర్లకి పిల్లని ఎవరైనా కొట్టారేమో అనిపిస్తుంది, అలా అనిపించడం వాళ్ల డ్యూటీ కూడా. మా విషయంలో సరిగ్గా అదే అయింది. ఎక్స్‌రేలో ఎముక శుభ్రంగా ఉంది, చెయ్యి మాత్రం కదలట్లేదు.

డాక్టరమ్మ అప్పుడు మంచి పని చేసింది. అందర్నీ బయటికి పంపి నన్నూ మా ఆవిడనీ మాత్రం లోపల ఉంచింది, కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎవరినీ ఏమీ అనను. ఎత్తు నుంచి పడితే ఒళ్లు ఎక్కడో చోట గీరుకోవాలి కదా, ఒక్క గీత లేదు. ఎలా జరిగిందో చెప్పండి" అంది. ఇదే వరండాలో మొదట అడిగుంటే ఎక్స్‌రే డబ్బులూ, ఆ నలభై నిమిషాలూ మిగిలేవి. పిల్లల దెబ్బల దగ్గర వెంట వచ్చినవాళ్లలో ఒక్కరిని మాత్రం లోపలికి రానిచ్చి విడిగా అడగడం అన్నది ప్రతి క్యాజువాల్టీలో రూలైతే ఖర్చు ఒక కర్టెన్ అంతే.

నేను ఫోన్ తీసి చూపించా. పదకొండు సెకన్లు. ఆవిడ సగం చూసి నవ్వేసింది, పాప ముంజెయ్యి పట్టుకుని తిప్పింది, వేలికింద టక్కుమన్నట్టుంది, పాప ఒక్కసారి గట్టిగా ఏడ్చి ఆగిపోయింది. ఆవిడ బిస్కెట్ ప్యాకెట్ తెప్పించి ఎడమవైపు పట్టుకుని కూర్చుంది, కుడిచేత్తో అందుకోబోతే ఇవ్వలేదు. ఐదారు నిమిషాల తర్వాత ఎడమ చెయ్యి లేచింది. ఒకసారి జారిన చెయ్యి మళ్లీ జారే అవకాశం ఉందట, చంకల కింద పట్టుకుని ఎత్తమంది, చేతులు పట్టుకుని తిప్పడాలు ఐదేళ్లొచ్చేదాకా బంద్ అంది. కేసు షీటు మీద "చెయ్యి పట్టి లాగడం వల్ల" అనే రాసింది.

బయట బామ్మర్ది స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు, లోపలికి రాలేదు. పాప చేతిలో బిస్కెట్ చూసి మొహం అటు తిప్పుకున్నాడు. వీడియో సంగతి నేను వాడికి చెప్పలేదు. ఇంటికెళ్లగానే అత్తగారు ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి, ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, హైదరాబాద్‌లో ఉన్న ఆడపడుచుకి, తణుకులో అక్కయ్యగారికి, అందరికీ వరసగా ఒకటే చెప్తున్నారు, "అరుగు మీంచి జారిపడిందమ్మా, మా చిన్నాడా, వాడు ఆ దరిదాపుల్లో కూడా లేడు."