సవరణ: ఆ గీతలు కొనేవాడు గీసినవి కావు

క్వాలిటీ కంట్రోల్ టెక్నాలజీ డిగ్రీలో చేరాలనుకునే మన ఒంగోలు పిల్లల కోసం మొన్న రాసినదాంట్లో పెద్ద తప్పే దొర్లింది. కంట్రోల్ చార్టులో (తయారైన సరుకు కొలతల్ని వరసగా గుర్తించి, పని గాడి తప్పిందా అని చూసే పటం) పైగీత, కింది గీత అంటే కొనేవాడు అడిగిన కొలతలేనని రాశాను. కావు. ఆ కోర్సే చదువుతున్న మా మేనకోడలు ఫోన్ చేసి, "మామయ్యా, పరీక్షలో ఇలా రాస్తే సున్నానే" అంది.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకే తీసుకోండి. మందం 20 మి.మీ., అటూ ఇటూ 1 మి.మీ. ఫర్వాలేదని కొనేవాడు అన్నాడనుకుందాం. 19, 21 అతని హద్దులు. చార్టు గీతలు మాత్రం మన మిషన్ కోసిన పలకల్ని వెర్నియర్‌తో కొలిచి, ఆ అంకెల్లోంచే లాగాలి: సగటుకు అటూ ఇటూ మూడు సిగ్మాలు (సిగ్మా అంటే కొలతలు సగటు నుంచి ఎంత చెదురుతున్నాయో చెప్పే అంకె). అవి 19.6, 20.4 దగ్గర పడ్డాయనుకోండి. 20.6 పలక కొనేవాడి హద్దుల్లోనే ఉంది కాబట్టి లారీ ఎక్కుతుంది, కానీ చార్టు గీత దాటింది కాబట్టి బ్లేడు సంగతి వెంటనే చూడాల్సిందే. 1924లో అమెరికా శాస్త్రవేత్త షూహార్ట్ ఈ చార్టు గీసింది అందుకే.

ఇంకోటి, మూడు సిగ్మాల మధ్య పడేవి 97.3 శాతం అన్నాను. నార్మల్ పంపిణీలో (కొలతలు సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకున్నప్పుడు) అది 99.73. వేళ్లు తడబడ్డాయి.