మా గల్లీ స్తంభం మీది ఇంటర్నెట్ తీగకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ తీగ గారి సముఖమునకు,

చిక్కడపల్లి గల్లీలోని ఒక వినియోగదారుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. మీరు క్షేమంగా ఉన్నంతసేపూ మేమూ క్షేమమే. మీ కుశలం మాత్రం హాల్లో గోడకు తగిలించిన పెట్టె మీది ఎర్ర దీపాన్ని చూసి తెలుసుకుంటున్నాము.

మీది గొప్ప వంశం. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ‘లాగిన్’ అని ఇంటర్నెట్‌కు ముత్తాత అయిన ఆర్పానెట్ మీద తొలి సందేశం పంపబోతే, ఆ మాటలోని మొదటి రెండు ఇంగ్లిషు అక్షరాలూ చేరగానే అవతలి యంత్రం కూలబడింది. ఆ సంప్రదాయాన్ని మా గల్లీలో మీరు నేటికీ నిష్ఠగా పాటిస్తున్నారు.

అయితే మీ పెద్దలు అక్కడితో ఆగలేదు. సమాచారాన్ని చిన్న చిన్న పొట్లాలుగా విడగొట్టి, ప్రతి పొట్లం మీదా చేరవలసిన చిరునామా రాసి, ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిన పంపించి, మధ్యలో పోయినదాన్ని మళ్లీ అడిగి తెప్పించుకునే పద్ధతిని వారు తీర్చిదిద్దారు. ఆ పద్ధతి కోసం వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ అనే ఇంజనీర్లు 1974లో ప్రకటించిన నియమాలకు 1983 జనవరి 1న ఆర్పానెట్ అంతా మారింది. ఏ ఒక్క తీగ మీదా ఆధారపడకపోవడమే అందులోని అసలు తెలివి. 2008 జనవరి చివర ఈజిప్టు తీరాన అలెగ్జాండ్రియా దగ్గర సముద్రగర్భ కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలో ఇంటర్నెట్ నడక మందగించిందే గాని ఆగిపోలేదు, పొట్లాలు చుట్టుదారిన వచ్చాయి. మధ్యధరా సముద్రంలో తెగినా దొరికే దారి, మా గల్లీ మలుపులో తెగితే దొరకదు.

తప్పు మీదని అనను. నల్ల తొడుగు లోపల మీరు వెంట్రుకంత గాజుపోగు, మరీ వంచితే లోపలి వెలుతురు పక్కకు జారిపోతుంది. మిమ్మల్ని కట్టినవారు మాత్రం కరెంటు స్తంభానికి, ఏనాడో చచ్చిపోయిన టీవీ కేబుళ్లతో కలిపి జంతికల చుట్టలా చుట్టి, మిగిలిన బారును రెండో అంతస్తు గ్రిల్లుకు ముడివేసి వెళ్లారు. నిమజ్జనం నాడు కిరీటానికి మీరు అడ్డం వస్తే కుర్రాళ్లు కర్రలతో పైకెత్తుతారు. విఘ్నాలు తొలగించే స్వామి ఊరేగింపుకే విఘ్నం కావడం మీకే చెల్లింది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చిన కొత్తలో అది ఫోను తీగ మీద కీచుమంటూ వచ్చేది, రాకపోయినా ఎవరి పొయ్యీ ఆరేది కాదు. ఇప్పుడు గ్యాసు బండ, కరెంటు బిల్లు, పిల్లవాడి హోమ్‌వర్కు, డాలస్‌లోని మనవరాలి మొహం, మాదాపూరు వెళ్లకుండా మాదాపూరు ఉద్యోగం చేసే కోడలి జీతం మీ మీదే వేలాడుతున్నాయి. మీరు తెగారని ఫిర్యాదు చేయడానికి కూడా యాప్‌లోకే రమ్మంటున్నారు. ఫోను డేటా లేదా అని మీరు అడగవచ్చు. గల్లీ అంతా ఒక్కసారిగా దాని మీద పడ్డాక అది ఎంత మందిని మోస్తుంది? పైగా చాలా టవర్ల దాకా పాకి వెళ్లేదీ మీ చుట్టాలే.

అందుకే మీ పెద్దల నీతినే నమ్ముకొని, రెండో దారి ఉండాలని వేరే కంపెనీ కనెక్షన్ కూడా పెట్టించాను. మొన్నటి గాలివానకు వేపకొమ్మ విరిగిపడినప్పుడు గోడ మీద రెండు పెట్టెల్లోనూ ఎర్ర దీపాలు వెలిగాయి. రెండో తీగనూ మీ చుట్టలోనే దూర్చారని అప్పుడు తెలిసింది. మర్నాడు సాయంత్రం రెండు కంపెనీల కుర్రాళ్లూ వచ్చి, ఒకే నిచ్చెన వేసుకొని, ఒకరి టేపు ఒకరు అడిగి తీసుకొని, మీ ఇద్దరినీ మళ్లీ అదే స్తంభానికి మరింత గట్టిగా కలిపి కట్టి, చెరొక రసీదు ఇచ్చి వెళ్లారు.

ఇట్లు,
రెండు బిల్లులు కట్టే తమ విధేయుడు