భర్తకు తెలియని మాత్ర

బెంగళూరులో వ్యసన చికిత్స చేసే డాక్టర్లందరికీ ఈ విన్నపం ఎదురవుతుంది: "ఆయన ఆస్పత్రికి రారు సార్. మజ్జిగలో కలిపి పెట్టేస్తాను, తాగుడు మానే మాత్ర రాసివ్వండి." అడిగేది తరచుగా భార్య, కొన్నిసార్లు తల్లి. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి కూలికొచ్చి కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాల్లో, వారం బట్వాడా ఇంటికి చేరకముందే కరిగిపోతుంటే ఆమెకు తోచిన దారి అది. ఆ తెగువ వెనక ఎన్ని దెబ్బలున్నాయో తెలుసుకోకుండా డాక్టరు జవాబు చెప్పకూడదు. అయినా జవాబు మాత్రం 'కుదరదు' అనే.

ఎందుకో మందు తీరులోనే ఉంది. మద్యం ఒంట్లో ముందు అసిటాల్డిహైడ్‌గా, తర్వాత అసిటేట్‌గా మారుతుంది. ఆ రెండో మెట్టును ఆమె అడిగిన మాత్ర, అంటే డిసల్ఫిరామ్, అడ్డుకుంటుంది. దాంతో అసిటాల్డిహైడ్ రక్తంలో పేరుకుని మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. తీవ్రమైతే ప్రాణమే పోవచ్చు. ఈ మాత్ర తాగాలన్న కోరికను తగ్గించదు. 'ఇది వేసుకుని తాగితే ముప్పు' అన్న ఎరుకే దాని బలం. ఆ ఎరుక లేని మనిషి సరుకు కల్తీ అనుకుని బ్రాండు మారుస్తాడు, తాగుడు మానడు. అంటే గుట్టుగా పెట్టినప్పుడు మందులోని ప్రమాదం మిగులుతుంది, చికిత్స పోతుంది.

మామూలు మోతాదు రోజుకు 250 మిల్లీగ్రాములు. చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాకే మొదలుపెట్టాలి. ఆపాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు. ఆ రోజుల్లో మద్యం పాలున్న కొన్ని దగ్గు సిరప్‌లు, ఆయుర్వేదంలోని అరిష్టాలు, ఆసవాలు కూడా ప్రమాదమే. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే మతి చలించవచ్చు. కాలేయం దెబ్బతినే ప్రమాదమూ ఉంది కాబట్టి ముందు రక్త పరీక్ష చేయాలి. మజ్జిగలో కలిపేవారు ఇవన్నీ ఎలా చూసుకోగలరు?

మరో ముప్పు గురించి ఇళ్లలో ఎవరికీ తెలియదు. రోజూ తాగే మనిషి భయపడి ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రోజే చేతులు వణుకుతాయి, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి లేనివి కనిపించవచ్చు. అప్పుడు కావలసింది ఈ లక్షణాలను అదుపు చేసే డయాజిపామ్ వంటి మందులు, కాలేయం బాగా చెడితే లొరాజెపామ్, వాటితోపాటు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు.

కాదని చెప్పి ఆమెను ఉత్త చేతులతో పంపడం కూడా తప్పే. అతను ఒక్కసారి వస్తే చాలు, చేయగలిగింది చాలా ఉంది. తాగుడు మానడానికి తోడ్పడే వేరే మందులున్నాయి: నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకొకటి, లేదా అకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాములవి పూటకు రెండు చొప్పున మూడు పూటలు. పొరపాటున తాగినా ఇవి అలా తిరగబడవు. అతనే ఒప్పుకుంటే డిసల్ఫిరామ్ కూడా ఇవ్వొచ్చు, రోజూ పొద్దున భార్య ఎదుటే వేసుకోవాలి. చేయి అదే, మాత్ర అదే, తేడా అంతా అతనికి తెలియడంలో ఉంది.

ఆ ఒప్పుకోలు విషయంలో బెంగళూరుకు ఓ ప్రత్యేక చిక్కుంది. డాక్టరుకు తెలుగు రాకపోతే భార్యో బావమరిదో దుబాసి అవుతారు. అతను "వద్దు" అన్నది "సరేనంటున్నాడు" అయి చేరవచ్చు. ఈ ఊళ్లో తెలుగు తెలిసిన నర్సు దొరకడం కష్టం కాదు. రోగి మత్తులో లేనప్పుడు, ఇంటివాళ్లను బయట కూర్చోబెట్టి, "ఇది వేసుకుని తాగితే ఏమవుతుందో మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. అతను చెప్పగలిగితేనే సమ్మతి.

బలవంతంగా చేర్పించడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ దారి చూపుతుంది, కానీ అందుకు తాగుడు ఒక్కటే సరిపోదు. తనకో ఇతరులకో హాని, లేదా తనను తాను చూసుకోలేని స్థితి ఉండాలి. నామినేటెడ్ ప్రతినిధి (చట్టం ప్రకారం రోగి తరఫున వ్యవహరించే వ్యక్తి) దరఖాస్తు చేయాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, గడువు 30 రోజులు. ఇంట్లో కొడుతుంటే ఆమెకు ముందు కావలసింది 181 మహిళా హెల్ప్‌లైన్. మనసు విప్పి మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416లో తెలుగులోనూ సాయం దొరుకుతుంది.

ఇంత చెప్పినా ఆమె మందుల షాపులో కొనేయవచ్చు, చీటీ లేకుండా అమ్మకూడని మందే అయినా. అందుకే ఆమె లేచేలోపు ప్రమాదాలన్నీ విడమరిచి చెప్పి, చెప్పినట్టు కేసు షీటులో రాయాలి. ఎప్పుడైనా భర్తను గుండెదడతో క్యాజువాలిటీకి తీసుకెళ్లాల్సి వస్తే మాత్ర సంగతి దాచవద్దని, ఖాళీ స్ట్రిప్ వెంట పట్టుకెళ్లమని కూడా చెప్పి పంపాలి. లేకపోతే అక్కడి డాక్టరు గుండెపోటు అనుకుని ఈసీజీలు తీస్తూ కూర్చుంటారు.