చట్టం వదిలేసినా మనం వదలని మాట

వైద్య విద్యార్థుల కోసం జాతీయ వైద్య కమిషన్ 2024 ఆగస్టు చివర్లో ఇచ్చిన పాఠ్య ప్రణాళికలో, ఆడవాళ్ల మధ్య ప్రేమ మళ్లీ 'అసహజ లైంగిక నేరాల' కింద చేరింది. గగ్గోలు పుట్టాక కొద్ది రోజులకే కమిషన్ దాన్ని వెనక్కి తీసుకుంది. మంచిదే. కానీ సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న నేరం కాదని తేల్చేసిన సంగతి ఆరేళ్ల తర్వాత నేరాల పట్టికలోకి ఎలా దూరింది?

'ప్రకృతి విరుద్ధం' అన్న ముద్ర మన చట్టంలోకి వచ్చింది 1860లో, ఇంగ్లిషు దొరలు రాసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్‌తో. అంతకుముందు మనవాళ్లు అందరినీ నెత్తిన పెట్టుకున్నారని కాదు. కామసూత్రంలో తృతీయా ప్రకృతి, అంటే ఆడా మగా కాని మూడో తీరు ఉంది, భారతంలో విరాటుడి కొలువులో పేడి (ఆడా మగా కాని మనిషి) రూపంలో బృహన్నల ఉంది. అయితే పేడి అన్నది మనిషి తీరును చెప్పే మాట. మనసు ఎవరి మీదికి పోతుందన్నది వేరే సంగతి. ఈ రెంటినీ కలగలిపి 'తేడాగాడు' అని నవ్వుకోవడం మన సినిమాలకూ, రచ్చబండలకూ ఇప్పటికీ అలవాటే.

యూరప్ కథ ఇంకా విడ్డూరం. 'హోమోసెక్సువల్' అన్న పదాన్ని 1869లో అచ్చులోకి తెచ్చిన హంగేరీ రచయిత కెర్ట్‌బెనీ, ఇలాంటివాళ్లను జైల్లో పెట్టే ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) చట్టాన్ని ఎదిరిస్తూ రాశాడు. వెనకేసుకొచ్చేందుకు పుట్టిన ఆ పదాన్నే డాక్టర్లు తీసుకుని జబ్బు పేరు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలోంచి దాన్ని తీసేసింది 1990లో.

తెలుగు పత్రికల్లో స్థిరపడిన 'స్వలింగ సంపర్కులు' కూడా స్టేషన్ రికార్డు భాషే. ఆలుమగల గురించి రాసేటప్పుడు పడకగది ఊసెత్తం కదా! గే, లెస్బియన్ అని ఆ పిల్లలే చెప్పుకుంటున్నారు. ఆ మాటలే రాస్తే సరిపోతుంది. వాటికి బదులు మరో సంస్కృత సమాసం అల్లడం దండగని మా అభిప్రాయం.

కొడుకు నోరు విప్పి చెబితే 'పెళ్లి చేస్తే సర్దుకుంటుందిలే' అనే ఇళ్లు సీమలో ఎన్నో. అలాంటి తల్లిదండ్రులు చివరికి వెళ్లేది డాక్టరు దగ్గరికే. ఆ డాక్టరు ఏం చదివి వచ్చాడన్నది అందుకే ముఖ్యం. మారుస్తామంటూ చేసే 'చికిత్స' వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని ఇదే కమిషన్ 2022లో చెప్పింది. ఢిల్లీలో ఉత్తర్వు వెనక్కి పోయినంత మాత్రాన, వైవా (నోటి పరీక్ష) ముందు రాత్రి తిరగేసే జిరాక్స్ నోట్సు మారదు. దశాబ్దాలుగా సీమకు డాక్టర్లను ఇస్తున్న కర్నూలు వైద్య కళాశాల, అనంతపురం, కడప కాలేజీలు తమ ఫోరెన్సిక్ (నేర పరిశోధనకు పనికొచ్చే వైద్యం) నోట్సునూ లైబ్రరీలోని పాత పుస్తకాలనూ ఒకసారి సరిచూసుకోవాలి. దీనికి జీవో అక్కర్లేదు, విభాగాధిపతులు ఒక పూట కూర్చుంటే అయ్యే పని.