లాగ్ చదవాలా, ప్రియాంబుల్ కొయ్యాలా?

(లాటెక్‌లో రాస్తున్న థీసిస్ కంపైల్ కావడం, అంటే పీడీఎఫ్‌గా మారడం, ఆగిపోయింది. ఫైలు మొదట్లోని ప్రియాంబుల్‌లో 32 ప్యాకేజీలు, అంటే అదనపు సౌకర్యాలిచ్చే ఫైళ్లు. కంపైల్ చేసినప్పుడు ఏం జరిగిందో లాగ్ ఫైల్లో నమోదవుతుంది. కిరణ్ పరిశోధక విద్యార్థి, మాధవి అతని సీనియర్.)

కిరణ్: నాది ఒకటే పద్ధతి అక్కా. సగం ప్యాకేజీల ముందు పర్సెంట్ గుర్తు పెట్టి వాటిని ఆపేస్తాను. కంపైల్ అయిందా, తప్పు ఆ సగంలో ఉన్నట్టే. మళ్లీ అందులో సగం. అయిదు కోతల్లో దొరికిపోతుంది. అంత పొడుగు లాగ్ ఎవరు చదువుతారు?

మాధవి: దొరికినవాడు దొంగో, దొంగ పక్కన నిలబడ్డవాడో నీకెలా తెలుస్తుంది? ఇప్పుడొచ్చిన ఎర్రర్ ఏమిటి?

కిరణ్: రంగుల ప్యాకేజీ ఎక్స్‌కలర్‌కి ఆప్షన్ క్లాష్. బొమ్మలు గీసే టిక్జ్ తీసేస్తే పోయింది.

మాధవి: దాంతోపాటు నీ బొమ్మలూ పోయాయి! టిక్జ్ చేసిన నేరమేమిటి? తనకి రంగులు కావాలి కాబట్టి ఎక్స్‌కలర్‌ని ముందే, ఏ ఆప్షనూ లేకుండా పిలుచుకుంది. తర్వాత నువ్వు టేబుల్ ఆప్షన్‌తో మళ్లీ పిలిచావు. ఒకసారి లోడైన ప్యాకేజీ కొత్త ఆప్షన్ కోసం రెండోసారి లోడ్ కాదు. ముందు ఏ ఆప్షన్లతో లోడైందో, ఇప్పుడు ఏవి అడిగావో లాగ్‌లో పక్కపక్కనే రాసి ఉంది, చూడు. ఇంకాస్త పైకి వెళ్తే ఏ ఫైలు లోపల ఏ ఫైలు తెరుచుకుందో బ్రాకెట్లు చెబుతాయి. ఎక్స్‌కలర్ టిక్జ్ బ్రాకెట్ లోపలే కనిపిస్తుంది.

కిరణ్: అయితే ఎక్స్‌కలర్ లైనుని టిక్జ్ కంటే పైకి జరిపితే సరిపోదా?

మాధవి: ఈ ఫైల్లో సరిపోతుంది. స్లైడ్లు చేసే బీమర్‌లో డాక్యుమెంట్ క్లాసే ఎక్స్‌కలర్‌ని పిలుస్తుంది, దాని పైకి ఎలా జరుపుతావు? డాక్యుమెంట్‌క్లాస్ లైను కంటే ముందు పాస్‌ఆప్షన్స్‌టుప్యాకేజ్ ఆజ్ఞతో ఆ ఆప్షన్ని అందించెయ్యి. ఒక్క లైను.

కిరణ్: ఇక్కడ ఒప్పుకుంటాను. కానీ లాగ్ అంతా చెబుతుందనకు. పోయిన వారం ‘బీబీబీకే’ అనే గుర్తు ముందే నిర్వచించి ఉందంటూ గణిత గుర్తుల ప్యాకేజీ ఏఎమ్ఎస్‌సింబ్ దగ్గర ఆగిపోయింది. ముందు నిర్వచించింది ఎవరో ఆ ఎర్రర్‌లో ఒక్క ముక్క లేదు. కోసుకుంటూ పోతేనే గణిత ఫాంట్ల ప్యాకేజీ న్యూటీఎక్స్‌మ్యాథ్ బయటపడింది. లాగ్ పడ్డ చోటు చూపించింది గానీ తోసినవాణ్ణి చూపించలేదు.

మాధవి: నిజమే, అక్కడ కోతే దిక్కు. దొరికాక ఏం చేశావు?

కిరణ్: ఏఎమ్ఎస్‌సింబ్‌కి ముందు ఆ పేరుని ‘రిలాక్స్’ చేసి పాత అర్థం తుడిచేశాను. కంపైలైంది.

మాధవి: నాకు బాధ అక్కడే. ఆ గుర్తులన్నీ న్యూటీఎక్స్‌మ్యాథ్ తనే ఇస్తుంది, ఏఎమ్ఎస్‌సింబ్ లైనే అక్కర్లేదు. ఇప్పుడు నీ సమీకరణాల్లో అక్షరాలు ఒక ఫాంట్‌వి, కొన్ని గుర్తులు మరో ఫాంట్‌వి. ఉపచిత్రాలకి సబ్‌ఫిగ్, సబ్‌క్యాప్షన్ కూడా ఇంతే, ఒకే పనికి ఇద్దరు. రాజీ కుదర్చకు, ఒకరిని పంపించెయ్యి.

కిరణ్: సమర్పణ ముందు రాత్రి అంత తీరికుంటుందా అక్కా? ముందు పీడీఎఫ్ రావాలి.

మాధవి: వచ్చిన ఆ పీడీఎఫే పరీక్షకుల చేతికి వెళ్తుంది కదా. సరే, కోసేటప్పుడు కిందటి కంపైల్ మిగిల్చిన పాత ఆక్స్, టీఓసీ (విషయసూచిక) ఫైళ్లు చెరిపావా?

కిరణ్: లేదు. ఎందుకు?

మాధవి: టీఓసీలో భాషల ప్యాకేజీ బాబెల్ ఆజ్ఞ ఒకటి మిగిలి ఉందనుకో, బాబెల్ తీసేశాక ‘అన్‌డిఫైన్డ్ కంట్రోల్ సీక్వెన్స్’, అంటే తెలియని ఆజ్ఞ, అని లాటెక్ కేక పెడుతుంది. బాగున్న సగాన్ని చెడ్డదనుకుంటావు. ఇక ఆ తర్వాతి కోతలన్నీ తప్పుదారే.

కిరణ్: అమ్మో! ఒకే సగం ఒకసారి ఆడి, ఇంకోసారి ఆడనిది అందుకేనా? సరే, అవి చెరిపి, లాగ్‌లో ఎర్రర్‌ని చూపే మొదటి ఆశ్చర్యార్థకం దగ్గర మొదలుపెడతాను. కిందివి చాలావరకు దాని పిల్లలే. అక్కడ పేరు దొరక్కపోతే మాత్రం కోస్తాను.

మాధవి: కాపీ తీసుకుని దాని మీద కొయ్యి. పైన లిస్ట్‌ఫైల్స్ ఆజ్ఞ కూడా పెట్టు. లాగ్ చివర ప్రతి ప్యాకేజీ తేదీ వస్తుంది. నిన్న ఆడింది అప్‌డేట్ తర్వాత ఆడకపోతే, పాత లాగ్‌తో ఆ తేదీలు పోల్చాలి.